దేశీ మొక్కల కోసం బొమ్మ: సిరా గీతా, నీటిరంగా, కలంకారీయా, గోడా?

నర్సరీలో "ఎర్రచందనం" అని చీటీ కట్టిన మొక్క ముందు నిలబడ్డ మనిషికి ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఎర్రచందనం ఆకుకు సాధారణంగా మూడే పత్రకాలు (ఒక ఆకులో భాగాలైన చిట్టి ఆకులు), అవీ గుండ్రంగా, వెడల్పుగా ఉంటాయి. ఈనెకు మళ్లీ పక్క ఈనెలు వేసి, వాటి నిండా చిన్న చిన్న పత్రకాలు కనబడితే అది బండి గురివింద. ఎర్రటి గింజలు కాసే ఆ చెట్టుకూ ఇంగ్లీషులో ఎర్రచందనాన్ని గుర్తుచేసే పేరే ఉంది. అందుకే ఈ తారుమారు. ఈ తేడాను ఒక పేరా నిండా రాస్తే కొనేవాళ్లు చదవరు. రెండు ఆకులనూ పక్కపక్కన అరచేయంత గీసి చూపిస్తే అక్కడికక్కడే పట్టేస్తారు.

దేశీ మొక్కల సంరక్షణకు వృక్షచిత్రం చేయగల మొదటి మేలు ఇది. అందం దాని తర్వాతే. కాబట్టి ఏ రంగులు, ఏ కాగితం అని అడిగేముందు ఇంకొకటి తేల్చుకోవాలి: బొమ్మ చూసినవాళ్లు ఆపైన ఏం చేయాలి? మొక్కను గుర్తుపట్టాలా, తెచ్చి నాటాలా, కోయడం మానాలా, సంరక్షణకు డబ్బివ్వాలా? ఈ నాలుగు పనులూ ఒకే బొమ్మతో జరగవు.

ఫొటో ఉండగా బొమ్మ దేనికి

మోదుగును తీసుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాలిన కొమ్మల మీద పూస్తుంది. ఆకులు ఆ తర్వాత వస్తాయి, కాయలు ఎండల్లో ముదురుతాయి. ఒక్క ఫొటోలో ఈ మూడూ దొరకవు. బొమ్మలో దొరుకుతాయి. పూల కొమ్మ మధ్యలో, మూడు పత్రకాల ఆకు ఒక పక్క, ఒకే గింజ ఉండే చదును కాయ ఇంకో పక్క గీయవచ్చు. అయితే ఒక్కోదాని కింద నెల పేరు రాయాలి. ఆకు, పువ్వు ఒకే కొమ్మకు అతికించి గీస్తే అలాంటి చెట్టు కోసం వెతికి జనం విసిగిపోతారు. ఆ తప్పు చాలా పోస్టర్లలో ఉంది.

తెలుగు నేల మీద ఈ పద్ధతికి రెండు శతాబ్దాలకు పైగా వయసుంది. సామర్లకోటలో తోట పెంచిన ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారులతో గీయించిన బొమ్మల్లోంచి ఎంచిన 300 పలకలు 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా అందులో ఉన్నాయి. తర్వాతి తరంలో రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి కోసం గీసిన రంగయ్య, గోవిందుల పేర్లు నిలిచాయి. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు పెట్టాడు. ఆ బొమ్మలు ఇవాళ్టికీ పనికొస్తున్నాయంటే పువ్వును విప్పి, కేసరాలను, అండాశయాన్ని విడివిడిగా పెద్దవి చేసి చూపించడం వల్లే.

ఫొటోయే మేలైన చోట్లు కూడా ఉన్నాయి. చెట్టు మొత్తం ఆకారం, ఎర్రచందనం బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలే తీరు కెమెరాకే వదిలేయండి. గీయడానికి రెండు రోజులు పడుతుంది, చూసేవాళ్లకు దక్కే లాభం తక్కువ.

గుర్తుపట్టించాలంటే సిరా గీత

బడికి, గ్రామ పంచాయతీకి, నర్సరీకి ఇచ్చే బొమ్మ చివరికి జిరాక్స్ మెషీను మీదికి చేరుతుంది. రంగు బొమ్మ అక్కడ బూడిద ముద్ద అవుతుంది. నల్ల గీత మాత్రం నిలుస్తుంది. మీ పని గుర్తింపు అయితే, డబ్బు కూడా తక్కువైతే, ఇంకేమీ ఆలోచించకుండా సిరానే ఎంచుకోండి.

నున్నటి బ్రిస్టల్ కాగితం, నీటికి చెదరని పిగ్మెంట్ సిరా ఉన్న 0.1, 0.2, 0.3, 0.5 మిల్లీమీటర్ల పెన్నులు, డివైడర్, 10 రెట్లు చూపే భూతద్దం. సామాను ఇంతే. అచ్చులో కావాల్సిన దానికన్నా ఒకటిన్నర రెట్లు పెద్దగా గీయాలి. తగ్గించినప్పుడు చిన్న వణుకులు కనబడకుండా పోతాయి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే నూగును, ఈనెలను 0.1తో గీసి బొమ్మను సగానికి తగ్గించడం. ఆ గీత 0.05 మిల్లీమీటర్లు అవుతుంది, ప్రెస్సులో ఎగిరిపోతుంది. సగానికి తగ్గించక తప్పకపోతే 0.2 కన్నా సన్న పెన్ను ముట్టుకోకండి. నీడకు అడ్డగీతల కన్నా చుక్కలు మంచివి. చుక్కలను దగ్గరదగ్గరగా పెట్టాలి గానీ ఒకదానికొకటి తగలనివ్వకూడదు. తగిలితే జిరాక్స్‌లో మచ్చ అవుతుంది. స్కాన్ 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), నలుపు తెలుపుల్లో చేయించండి. బొమ్మ పక్కన "2 రెట్లు" అని రాయడం కన్నా ఒక సెంటీమీటరు కొలత గీత వేయడమే నమ్మకం. బొమ్మను ఎంత తగ్గించినా ఆ గీత దానితోపాటే తగ్గుతుంది.

సిరా బలం తెలియాలంటే జమ్మిని, సర్కారు తుమ్మను కలిపి గీయండి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే: సన్న ఆకులు, ముళ్లు, పసుపు కంకులు. దగ్గరికి వెళితే సర్కారు తుమ్మకు ముళ్లు కణుపు దగ్గర, ఎక్కువగా జతగా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కొమ్మ పొడవునా అక్కడక్కడ, అడుగు వెడల్పుగా ఉండే పొట్టి ముళ్లు. ఈ రెండు కొమ్మ ముక్కలను మూడు రెట్లు పెద్దవి చేసి పక్కపక్కన పెడితే ఆ పోస్టర్ పని సగం అయిపోయినట్టే. ఆకుల రంగు ఎంత జాగ్రత్తగా దిద్దినా ఇంత స్పష్టత రాదు. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరా నాడు ఊరంతా దాని దగ్గరికే వెళుతుంది. కాబట్టి ఈ కార్డు పండక్కి రెండు వారాల ముందు పంచితే దానికి విలువ.

నీటిరంగు: కష్టం ఎక్కువ, ఆకర్షణా ఎక్కువే

ప్రదర్శన, క్యాలెండర్, సంరక్షణ నిధికి అమ్మే ముద్రణలు, దాత ఇంట్లో గోడకు తగిలించే బొమ్మ. వీటికి నీటిరంగుకు సాటి వచ్చేది లేదు. ఒక కొమ్మ, రెండు పూలు, కాయ ఉన్న ఏ3 పలకకు చేయి తిరిగినవాళ్లకైనా 40 గంటలు పైనే పట్టవచ్చు. పన్నెండు మొక్కల క్యాలెండర్‌ను ఆగస్టులో మొదలుపెట్టి డిసెంబరుకు ఇస్తానని మాటివ్వకండి. పూలు మీ గడువు కోసం పూయవు, పన్నెండు మొక్కలకు ఒక పూర్తి ఏడాది కావాలి.

కాగితం 100 శాతం నూలుది, 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందం, హాట్ ప్రెస్ అనే నున్నటి రకం. గరుకు కాగితం మీద ఈనెలు చెదురుతాయి. రంగుల విషయంలో ట్యూబు మీద ఉన్న అందమైన పేరును కాక పిగ్మెంట్ సంఖ్యను (లోపలి రంగు పదార్థాన్ని తెలిపే గుర్తును) చూసి కొనండి. అలిజరిన్ క్రిమ్సన్‌గా అమ్మే పీఆర్ 83 వెలుతురుకు వెలిసిపోతుంది. ఒపేరా గులాబీలో కలిపే మెరుపు రంగు ఇంకా తొందరగా పోతుంది. ఆ చోట క్వినాక్రిడోన్ గులాబీ, అంటే పీవీ 19 వాడండి. నీలాలకు పీబీ 29, పీబీ 15 చాలు. పసుపుకు పీవై 150, పీవై 154 నిలుస్తాయి. ఆకుపచ్చను ట్యూబులోంచి నేరుగా పెట్టకుండా పసుపు, నీలం కలుపుకుని, కొంచెం ఎరుపుతో చల్లార్చండి. మన ఎండు అడవి ఆకుల్లో ఎప్పుడూ కాస్త బూడిదతనం ఉంటుంది.

తెల్ల కాగితం మీద పసుపు పువ్వు ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష. తంగేడు గీసిన ప్రతివాళ్లూ ఇక్కడే తడబడతారు. నీడ కోసం పసుపులో నలుపు కలిపితే పాచి రంగు వస్తుంది. దానికి బదులు పీవీ 19, పీబీ 29 కలిపిన పలుచని ఊదాతో ముందు నీడలు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద పసుపు పొరలు వేయాలి. రేకు అంచు కనబడాలంటే దాని వెనక ముదురు ఆకు వచ్చేలా కొమ్మను తిప్పుకోవాలి. అంచు చుట్టూ పెన్సిల్ గీత గీసి వదిలేస్తే పసిపిల్లల రంగుల పుస్తకంలా కనిపిస్తుంది. తంగేడు రేకులు కోసిన కొన్ని గంటల్లోనే వడలుతాయి కాబట్టి కొమ్మను తడి గుడ్డలో చుట్టి మూతపెట్టిన డబ్బాలో తేవాలి, మొదటి గంటలో పువ్వు కొలతలు, రంగు నమూనాలు ముగించాలి. ఆకు, కాయ మర్నాడు చేసుకోవచ్చు.

తంగేడు బొమ్మలో తప్పకుండా ఉండాల్సినవి మూడు: ఆకు తొడిమ మొదట్లో చెవిలా వెడల్పుగా ఉండే పత్రపుచ్ఛాలు, జత జత పత్రకాల మధ్య ఒక్కో గ్రంథి, పలుచటి చదును కాయ. రోడ్ల పక్కన నీడ కోసం నాటే సీమ తంగేడుకు ఈ చెవులూ ఉండవు, గ్రంథులూ ఉండవు, పైగా అది పొద కాదు, చెట్టు. పూలు మాత్రమే గీసిన తంగేడు బొమ్మ ఎంత అందంగా ఉన్నా నర్సరీకి వెళ్లినవాళ్లను సీమ తంగేడు దగ్గర నిలబెట్టే ప్రమాదం ఉంది.

విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో అసలు బొమ్మలు దాచుకోవడం వేరే సమస్య. తేమకు కాగితం మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఆమ్లరహిత మౌంట్ వేసి, అద్దానికీ బొమ్మకూ మధ్య ఖాళీ ఉంచి, బయటి గోడకు కాకుండా లోపలి గోడకు తగిలించండి.

రంగు పెన్సిళ్లు నీటిరంగు రానివాళ్లకు మంచి దారి. నూగు ఉన్న ఆకులకు, ముదురు కాయలకు అద్భుతంగా ఉంటాయి. మైనం ఎక్కువున్న రకాల్లో కొన్ని వారాలకు బొమ్మ మీద తెల్లటి పొర తేలుతుంది, నూనె ఆధారమైనవి వాడితే ఆ బాధ ఉండదు. పెద్ద ఆకులున్న మొక్కలకు మాత్రం వద్దు. మోదుగు ఆకు ఒక్కటి నింపేసరికి చేయి పడిపోతుంది.

డిజిటల్ ఎప్పుడు

బొమ్మను మళ్లీ మళ్లీ మార్చాల్సి వస్తే డిజిటల్ తీసుకోండి. జిల్లాకో పేరు మార్చి వేసే పోస్టర్లు, వృక్షశాస్త్రజ్ఞులు దిద్దుబాట్లు చెప్పే పలకలు ఇందులోకి వస్తాయి. పువ్వు, ఆకు, కాయ, అక్షరాలు వేర్వేరు పొరల్లో ఉంచాలి. ఏ3కి 300 డీపీఐ అంటే 3508, 4961 పిక్సెళ్లు. చిన్న కొలతలో గీసి తర్వాత పెంచితే అంచులు మసకబారతాయి.

తెర మీద మోదుగు మంటలా వెలుగుతుంది, అచ్చులో ఇటుక రంగుకు దిగుతుంది. ప్రెస్సు వాడే నాలుగు రంగుల సీఎంవైకే సిరాలకు ఆ కాషాయం అందదు. మొదటి రోజు నుంచే సీఎంవైకే ప్రివ్యూలో గీయాలి, ప్రెస్సు నుంచి ఒక కాగితం నమూనా తెప్పించుకుని చూడాలి. పువ్వు రంగును ఇంకా పెంచబోకండి. దాని అడుగున ఉండే ముదురు మఖమలు రక్షకపత్రాలను సరిగా నల్లబరిస్తే పక్కనున్న కాషాయం దానంతట అదే వెలుగుతుంది.

కృత్రిమ మేధ (ఏఐ) తయారుచేసి ఇచ్చే మొక్కల బొమ్మలను గుర్తింపు కోసం వాడకండి. పత్రకాల లెక్క, ముల్లు ఉండే చోటు, కేసరాల సంఖ్య వాటిలో తప్పొచ్చే అవకాశం ఎక్కువ. మన పని మొత్తం నిలబడేది ఆ వివరాల మీదే.

కలంకారీ: గుర్తింపు రాదు, బంధం వస్తుంది

శ్రీకాళహస్తి కలంకారీలో ముల్లు ఎక్కడుందో, గ్రంథి ఎక్కడుందో చూపించలేం. ఆ గీత లావు, ఆ తీరే అలంకారం. అయినా దేశీ మొక్కల కోసం మాట్లాడాలంటే దీనికున్న హక్కు ఇంకే పద్ధతికీ లేదు, ఎందుకంటే ఆ రంగులే మొక్కల నుంచి వస్తాయి. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెడతారు. బెల్లం, ఇనుప తుక్కు కలిపి వారాల తరబడి పులియబెట్టిన కసీంలో వెదురు కలం ముంచి గీస్తారు. గుడ్డలోని కరక్కాయ టానిన్‌ను, అంటే వగరు పదార్థాన్ని, ఇనుము తాకిన చోట నల్ల గీత పుడుతుంది. పటిక పెట్టిన చోట ఎరుపు పడుతుంది. నీలికి నీలిమందు మొక్క.

కాబట్టి కరక్కాయ కొమ్మనే కలంకారీలో వేయించి, "ఈ గీత నల్లగా ఉండటానికి కారణం ఈ కాయే" అని కింద రాయండి. గోడకు తగిలించే గుడ్డగా, చేతిసంచిగా ఇది ఇళ్లలోకి వెళ్లినంతగా ఏ పోస్టరూ వెళ్లదు. అయితే బజారులో దొరికే మిల్లు అచ్చు గుడ్డ మీద ఆ మాట రాస్తే అబద్ధం అవుతుంది. చేత్తో వేసిన గుడ్డ రెండో వైపు చూస్తే రంగు ఇంకి ఉంటుంది, గీత మందం చోటు చోటుకూ మారుతుంది. అచ్చులో డిజైను అదే కొలతతో తిరిగి తిరిగి వస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. ఆ చెట్టు ఆకు, కాయ బొమ్మలున్న చిన్న కార్డును బొమ్మతోపాటు పెట్టెలో పెడితే, కొన్నవాళ్లకు తమ చేతిలో ఉన్నది ఏ చెట్టో తెలుస్తుంది. సిరా గీత కార్డు చాలు.

గోడ

బడి గోడకు ఒక్కటే మొక్క, మూడే లక్షణాలు. జాబితాలా పది మొక్కలు వేస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు. తంగేడు ఆకు మొదట్లోని చెవిని అరచేయంత చేసి చూపించగల వీలు గోడకే ఉంది, దాన్ని వాడుకోండి.

సున్నం గోడ మీద నేరుగా ఎమల్షన్ వేస్తే మొదటి వానకే పెచ్చులు లేస్తాయి. వదులు సున్నం గీకి, తడి ఆరిందని తేల్చుకుని, బయటి గోడల ప్రైమర్ ఒక పూత, ఆ తర్వాత బయటి ఎమల్షన్. గోడ అడుగు నుంచి తెల్లటి ఉప్పు తేలుతుంటే అక్కడ బొమ్మ వేయకండి, రెండు అడుగులు పైకి జరపండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మేలో గోడ కాలిపోతూ రంగు కుంచెకే ఆరిపోతుంది. పడమటి గోడ మీద మెరిసే పసుపులు, గులాబీలు ముందు వెలుస్తాయి, ఐరన్ ఆక్సైడ్ రంగులు నిలుస్తాయి. అందుకే పసుపు పువ్వుకు ఉత్తరపు గోడ వెతకండి.

ఫ్లెక్సీ వద్దు. చవకే, కానీ అది పీవీసీ, ఎండకు కొన్ని నెలల్లో వెలిసి చిరిగి చివరికి మీరు కాపాడాలనుకున్న చెట్టు కొమ్మకే వేలాడుతుంది.

అక్షరాలు, ప్రెస్సు

బొమ్మ మీద నెలలు పెట్టి అక్షరాల మీద పది నిమిషాలు కూడా పెట్టకపోవడం మామూలైపోయింది. తెలుగుకు ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి ఒక వరుస నుంచి తర్వాతి వరుసకు దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. లేకపోతే "పుష్పం" ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. యూనికోడ్‌లో పంపిన మాటలను డీటీపీవాళ్లు "అను" అనే పాత తరహా తెలుగు ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు తారుమారు కావచ్చు. అక్షరాలను ఔట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి, మొదటి నమూనాను తెలుగు చదివే ఇంకొకరితో చదివించండి. రెండు మీటర్ల దూరం నుంచి చదవాల్సిన పేరు కనీసం ఒక సెంటీమీటరు ఎత్తుండాలి.

పేర్లు ఊరికో రకం. సర్కారు తుమ్మను కొన్ని చోట్ల ఇంగ్లీషు తుమ్మ అంటారు. ఆ జిల్లా పేరు పెద్దగా, మిగతావి చిన్నగా, శాస్త్రీయ నామం తప్పకుండా వేయాలి. శాస్త్రీయ నామం మీద అనుమానం ఉంటే హైదరాబాద్‌లోని భారత వృక్షశాస్త్ర సర్వే ప్రాంతీయ కేంద్రంలోనో, దగ్గరి విశ్వవిద్యాలయపు హెర్బేరియంలోనో (ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండారంలోనో) చూపించాకే అచ్చుకు పంపండి.

అరుదైనవాటి దగ్గర ఆగండి

శేషాచలం కొండల పేరిత, అంటే సైకస్ బెడ్డోమై, బొమ్మ గీయాలని చాలామందికి ఆశ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న మొక్క అది, అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ మొదటి అనుబంధంలోనూ ఉంది. అడవి నుంచి ఒక్క ఆకు కూడా తేకూడదు. వృక్షోద్యానంలో పెంచిన మొక్కనో, హెర్బేరియం నమూనానో చూసి గీయండి. హెర్బేరియం నమూనా రంగు చెప్పదు, కాబట్టి ఆ బొమ్మ సిరాలోనే ఉండటం నిజాయితీ. పత్రకాల అంచు కిందికి ముడుచుకుని ఉండటం దీని గుర్తు, అడ్డుకోత బొమ్మ ఒకటి వేస్తే తెలుస్తుంది. మందు కోసం మగ శంకువులు నరికే మొక్క కనుక శంకువును పోస్టర్ మధ్యలో పెట్టి ఊరించకండి. చోటు పేరు "శేషాచలం కొండలు" దగ్గరే ఆపండి, దారి, కోన, గుట్ట పేర్లు వద్దు. ఫొటో చూసి గీసినట్టయితే ఆ ఫైల్లో దాగి ఉండే జీపీఎస్ వివరాలు తీసేశాకే ఎవరికైనా పంపండి.

అచ్చుకు ముందు ఒక పరీక్ష

ఏ పద్ధతి ఎంచుకున్నా వెయ్యి కాపీలు వేయకముందు ఒక్క నమూనా తీయించి, మొక్కలతో పరిచయం లేని పదిమందికి ఒక్కో నిమిషం చూపించండి. బొమ్మ పక్కకు పెట్టి, బల్ల మీద రెండు నిజమైన కొమ్మలు ఉంచండి: జమ్మి ఒకటి, సర్కారు తుమ్మ ఒకటి. ఏది ఏదో చెప్పమనండి, ఎలా చెప్పారో కూడా అడగండి. ముగ్గురికి మించి తప్పితే బొమ్మ మార్చాలి. సరిగా చెప్పినవాళ్లు సైతం "పచ్చగా ఉందని" అంటే ముల్లు బొమ్మ వాళ్ల కంట పడలేదని అర్థం. దాన్ని ఇంకో రెట్టు పెద్దది చేసి, కాగితం పైభాగానికి జరిపి, ఇంకో పదిమందికి చూపించండి.